పనిచేస్తోంది కదా, ఇంకెందుకు మార్చడం?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు అడిగారు. మన సంఘం పుట్టుక గురించో, పెన్షను ఒప్పందం గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. వాటికి నాకన్నా అర్హులు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది కంప్యూటరు తాళం చరిత్ర. అందులో కొంత ప్రపంచానిది, కొంత మన సంఘం ఆఫీసుది, కొంత నా తప్పుది.

కారణం చెబుతాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మరమ్మతులు ఆపివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ కంపెనీ వారు ప్రకటించి, ఆ ప్రకారమే ఆపివేశారు. అది మొదలు నాకు సభ్యుల ఫోన్లు వస్తున్నాయి. "తెర మీద ఏదో నోటీసు వస్తోందండీ, మిషను మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఇంకెందుకు మార్చడం?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. ఇదే మాట సరిగ్గా ఇదే ధోరణిలో 2014లో నేనన్నాను. అంచేత జవాబు చెప్పవలసిన బాధ్యత నాదే.

బ్యాంకులో పనిచేసిన వాళ్ళం కనుక తాళాల సంగతితో మొదలుపెడతాను. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఒకటి ఆఫీసరు దగ్గర, ఒకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఒక్కరే తెరవడానికి వీల్లేదు. డూప్లికేటు చెవుల సెట్టు సీలు వేసి మరో బ్రాంచిలో దాచేవాళ్ళం. ఒకసారి మా బ్రాంచిలో హెడ్ క్యాషియరు గారు పెళ్ళికి వెళ్ళివస్తూ రైల్లో చెవి పోగొట్టుకున్నారు. డూప్లికేటు తెప్పించి ఆ పూట క్యాష్ తీశాం. ఆ తర్వాత తాళమే మార్పించారు. తాళానికి ఏమీ కాలేదు. నూనె పోసినట్లు తిరిగేది. కానీ దాని చెవి ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు గనుక అది ఇక తాళం కాదు. అప్పుడు నేను కుర్ర గుమాస్తాను, ఆ ఖర్చు చూసి దండగ అనుకున్నాను కూడా.

మనం చేరిన రోజుల్లో లెడ్జర్లకు ఈ బాధ లేదు. పాత లెడ్జరు అట్టలూడినా అంకె అంకె లాగే ఉండేది. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక తర్వాత బ్రాంచీల్లోకి లెడ్జరు పోస్టింగు మిషన్లు వచ్చాయి. కంప్యూటర్లు వద్దని జెండా పట్టుకుని గేటు మీటింగుల్లో అరిచిన వారిలో నేనూ ఉన్నాను. అప్పుడు మా భయం ఉద్యోగాల గురించే. తాళాల గురించి మాకే కాదు, పెట్టినవారికీ ఆలోచన ఉన్నట్లు లేదు. ఉండవలసిన అవసరమూ తక్కువే. ఆ మిషన్లు ఎక్కడివక్కడ ఒంటరిగా కూర్చునేవి. వాటికి వైరసు తగలాలంటే ఎవరో ఫ్లాపీ తెచ్చి పెట్టాలి. 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరసు అలా ఫ్లాపీల మీదే ఊళ్ళు తిరిగింది. తర్వాత కేంద్ర విజిలెన్స్ కమిషనరు విట్టల్ గారు బ్యాంకుల వ్యాపారంలో 70 శాతం 2001 జనవరి 1 నాటికి కంప్యూటర్ల మీదికి రావాలని ఆదేశించడం, మనం రాత్రిళ్ళు కూర్చుని ఖాతాలు ఎక్కించడం అందరికీ గుర్తుండే ఉంటుంది. మిషను పాతదైనంత మాత్రాన దొంగకు దారి ఏర్పడదు. దానికి తీగ తగిలించాక ఏర్పడుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే నేను చెప్పిన మాట ఇది: కంప్యూటరు ఒక బ్రాంచి అయితే అది అందులో అకౌంటెంటు. తాళాలన్నీ దాని దగ్గరుంటాయి. ఏ కౌంటరు ఏ పుస్తకం తెరవవచ్చో అదే చెబుతుంది. కౌంటర్లో కూర్చున్న వాణ్ణి మోసం చేస్తే ఒక ఖాతా పోతుంది, అకౌంటెంటునే లొంగదీసుకుంటే బ్రాంచి మొత్తం పోతుంది.

విండోస్ ఎక్స్.పి. అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2001 అక్టోబరు 25న వచ్చింది. ఆకుపచ్చ గుట్ట, నీలాకాశం ఉన్న బొమ్మ తెర మీద కనిపించేది, అదే. మనలో చాలామంది మొదట మౌసు పట్టింది దాని మీదనే. మాటిమాటికీ మొరాయించేది కాదు, సామాన్యుడికి అర్థమయ్యేది. ఇళ్ళలో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఎ.టి.ఎం.లలో అదే కూర్చుంది.

అందులో లోపాలు లేవని కాదు. కోట్ల అక్షరాల ప్రోగ్రాములో లోపాలుంటాయి. అవి బయటపడ్డప్పుడల్లా కంపెనీవారు మరమ్మతు తయారుచేసి నెట్టు ద్వారా పంపుతారు. 2003 అక్టోబరు నుంచి ప్రతినెలా రెండో మంగళవారం పంపడం ఆనవాయితీ చేశారు. ఇక్కడ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్న విషయం ఒకటి ఉంది. తేదీలు వరుసగా చూడండి. బ్లాస్టర్ అనే పురుగు 2003 ఆగస్టులో ప్రపంచమంతా పాకింది, దానికి మరమ్మతు జూలైలోనే వచ్చింది. సాసర్ అనేది 2004 ఏప్రిల్ ఆఖరున బయలుదేరింది, మరమ్మతు అదే నెల 13న వచ్చింది. కాన్‌ఫికర్ 2008 నవంబరులో, మరమ్మతు అక్టోబరు 23న. ప్రతిసారీ మందు ముందు, రోగం తర్వాత!

ఇదెలాగంటే, మరమ్మతు వచ్చిందంటే ఫలానా గోడలో ఫలానా చోట కన్నం ఉందని ఊరంతా చాటింపు వేసినట్లే. దొంగ ఆ మరమ్మతును విప్పి చూసి కన్నం ఎక్కడుందో తెలుసుకుంటాడు, ఇంకా పూడ్చుకోని ఇళ్ళను వెతుక్కుంటూ వెళతాడు. ఇప్పుడు కంపెనీవారు పాత ఇంటికి మరమ్మతులు ఆపేశారనుకోండి. కొత్త ఇల్లు పాత ఇంటి నమూనా మీదే కట్టారు గనుక కొత్తదానికి పూడ్చిన కన్నాల్లో కొన్ని పాతదానికీ ఉంటాయి. చాటింపు మాత్రం ప్రతినెలా జరుగుతూనే ఉంటుంది. పాత ఇంటివాడికి ఆ చాటింపు వినపడదు. అతని మిషను నిన్నటి లాగే పనిచేస్తుంది.

ఎక్స్.పి.కి అలా ఆపేసిన రోజు 2014 ఏప్రిల్ 8. అంతకు రెండు నెలల ముందే, ఫిబ్రవరి 4న, మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల గారు ఆ కంపెనీ పెద్ద అయ్యారు. మన సంఘం సమావేశంలో కరతాళ ధ్వనులతో హర్షం వెలిబుచ్చాం. ఆయన కంపెనీ రెండు నెలల తర్వాత ఇచ్చిన నోటీసును మాత్రం ఎవరమూ చదవలేదు. బ్రిటిషు ప్రభుత్వం వారు చదివారు, చదివి తమ ఆఫీసుల్లోని ఎక్స్.పి. మిషన్లకు ఇంకో ఏడాది మరమ్మతులు పంపమని 55 లక్షల పౌండ్లు కట్టారు. ఏడాది తర్వాత ఆ ఒప్పందం పొడిగించలేదు.

ఇక అసలు దెబ్బ. అమెరికా జాతీయ భద్రతా సంస్థ వారు విండోస్‌లో ఒక కన్నం కనిపెట్టి, తమ గూఢచర్యానికి పనికివస్తుందని గుట్టుగా ఉంచుకున్నారు. ఒకే ఆఫీసులోని కంప్యూటర్లు ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే పాత పద్ధతి ఒకటుంది, కన్నం అందులోది. దానికోసం వారు తయారుచేసుకున్న మారుతాళం పేరు ఎటర్నల్ బ్లూ. అది వారి చేతిలోంచి జారిపోయింది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ వారు మరమ్మతు ఇచ్చారు, ఎక్స్.పి.కి కాదు, అప్పటికి గడువున్న వాటికి. ఏప్రిల్ 14న 'షాడో బ్రోకర్స్' అనే గుర్తు తెలియని ముఠా ఆ మారుతాళాన్ని బజారులో పారేసింది. మే 12, శుక్రవారం, 'వన్నాక్రై' బయలుదేరింది.

అది కంప్యూటరులోకి దూరి ఫైళ్ళన్నిటికీ తన సొంత తాళం వేసేది. 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టు, మూడు రోజులు దాటితే 600, వారం దాటితే నీ ఫైళ్ళు నీకు దక్కవు అని తెర మీద నోటీసు. ఎవరూ ఏమీ నొక్కనక్కర లేదు, ఒక మిషను నుంచి పక్క మిషనుకు తనంతట తనే పాకేది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు పడిపోయాయి.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ బ్రిటన్ ఆసుపత్రుల మీద జరిగింది. ఇంగ్లండులోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 81 ఇబ్బందిపడ్డాయని వారి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తేల్చింది. ఇవికాక 595 మంది ఊరి డాక్టర్ల క్లినిక్కులు. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19,000 దాకా ఉంటాయని అంచనా. కొన్నిచోట్ల అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్ళించారు. నర్సులు కాగితం, కలం తీశారు. ఆ ఆడిట్ నివేదికలో నన్ను ఆపిన మాట ఒకటుంది. అక్కడ పడిపోయిన వాటిలో ఎక్కువ భాగం ఎక్స్.పి. కాదు, విండోస్ 7. అంటే దానికి మరమ్మతు రెండు నెలల ముందే చేతికి వచ్చింది, వేసుకోలేదు. నిజానికి వన్నాక్రై తగిలినప్పుడు చాలా ఎక్స్.పి. మిషన్లు నీలితెర వేసి చతికిలపడేవే కాని రోగాన్ని ముందుకు పాకించలేదని తర్వాత పరిశోధకులు తేల్చారు. అంచేత ఎక్స్.పి. వల్లే అంతా జరిగిందని చెప్పుకునే కథ సగమే నిజం. తయారీదారు వదిలేసిన మిషను ఒక రకం పాతది, యజమాని పట్టించుకోని మిషను ఇంకో రకం పాతది. దొంగకు రెండూ ఒకటే.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మర్నాటికి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 యూనిట్లు దెబ్బతిన్నాయని పత్రికల్లో చదివాం.

ఆ పురుగును ఆపింది ఇంగ్లండులో సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో ఉండే మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ కుర్రవాడు. పురుగు ప్రతిచోటా ముందుగా ఒక లేని వెబ్ చిరునామాను పలకరించి చూస్తోందని గమనించి, పది డాలర్ల పైచిలుకు కట్టి ఆ చిరునామాను తన పేర రిజిస్టరు చేసుకున్నాడు. పలకరింపుకు జవాబు రాగానే పురుగు ఆగిపోయింది. అలా ఆగుతుందని అతనికీ ముందు తెలియదు. మైక్రోసాఫ్ట్ వారు అప్పటిదాకా ప్రత్యేకంగా డబ్బు కట్టేవారికే ఇస్తున్న ఎక్స్.పి. మరమ్మతును అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు ఇది ఉత్తర కొరియా పని అని ప్రకటించాయి.

మన రంగం సంగతి కూడా చెప్పాలి. ఎక్స్.పి. గడువు తీరిన నాలుగేళ్ళకు, 2018 జూన్ 21న, రిజర్వు బ్యాంకు వారు ఎ.టి.ఎం.లలో గడువు తీరిన సిస్టమ్‌లను మార్చడానికి తేదీలు వేసి మరీ ఉత్తర్వు ఇచ్చారు: సెప్టెంబరుకు 25 శాతం, డిసెంబరుకు 50, 2019 మార్చికి 75, జూను నాటికి మొత్తం. అలా తేదీలు వేయవలసి వచ్చిందంటే అంతవరకు ఎంతమంది మేనేజర్లు "పనిచేస్తోంది కదా" అని ఉంటారో మీరే ఊహించుకోండి. వారిని నేను తప్పుపట్టను. నాకా హక్కు లేదు.

మన సంఘం ఆఫీసు కంప్యూటరు 2006లో సభ్యుల విరాళాలతో కొన్నది. ఎక్స్.పి. మిషను. 2014లో నేను కోశాధికారిని. ఒక సభ్యుని మనవడు, ఇంజనీరింగు చదివే కుర్రవాడు, సెలవుల్లో వచ్చి, "తాతగారూ, దీన్ని మార్చండి, లేదా నెట్టు తీగ పీకేయండి" అని చెప్పాడు. కొత్తదానికి 28,000 రూపాయలు అవుతుందని కొటేషను కూడా తెచ్చాడు. కార్యవర్గంలో పెట్టాం. నేను లేచి, సభ్యుల డబ్బు పైసా పైసా కూడబెట్టినదని, మిషను ఒక్కరోజు కూడా ఆగలేదని, కంపెనీలు సరుకు అమ్ముకోవడానికి ఇలా భయపెడతాయని మాట్లాడాను. మినిట్సులో ఉంది. తీర్మానం వీగిపోయింది. ఆ చివరి మాటలో కొంత నిజం లేకపోలేదు, ఈనాటికీ అంటాను. కానీ కంపెనీ స్వార్థం వేరు, కన్నం ఉండటం వేరు.

2017 మేలో వన్నాక్రై వార్తలు చూసి నాలుగు రోజులు నెట్టు తీగ పీకి ఉంచాను. ఐదో రోజున పెట్టేశాను. ఏమీ కాలేదు. దాంతో నా ధైర్యం ఇంకా పెరిగింది.

2018 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక ఆఫీసు తెరిచి చూస్తే ఫైళ్ళ పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. ఏదీ తెరుచుకోదు. తెర మీద డబ్బు కట్టమని ఇంగ్లీషులో నోటీసు. అది వన్నాక్రై కాదు, ఆ జాతిదే మరొకటి. నకలు ఉంది కదా అనుకున్నాం. నకలు ఉన్న పెన్‌డ్రైవు మిషను వెనకాల గుచ్చే ఉంది, రోజూ తీసి పెట్టడం ఎందుకని నేనే అలా ఉంచాను. దానికీ తాళం పడింది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు కట్టకూడదని తీర్మానించాం. కట్టినా తాళం తీస్తాడన్న హామీ ఏముంది?

సభ్యుల జాబితా ఎర్ర అట్ట రిజిస్టరులో ఉంది గనుక పదకొండు వారాలు కూర్చుని తిరిగి రాసుకున్నాం. రానిది మెడికల్ ఇన్సూరెన్సు కాగితాలు. సభ్యుల ఆసుపత్రి బిల్లులు మనం స్కాను చేసుకుని, అసలువి కంపెనీకి పంపేవాళ్ళం. ఆ ముందటి దసరాకు పోయిన మన సహోద్యోగి ఒకరి చివరి రోజుల ఆసుపత్రి బిల్లులు అందులో ఉన్నాయి. 86,000 రూపాయల క్లెయిము. పంపిన అసలు బిల్లులు తమకు అందలేదని ఇన్సూరెన్సు వారు ఫిబ్రవరిలో ఉత్తరం రాశారు. ఆసుపత్రి వారు డూప్లికేట్లు ఇవ్వడానికి నెలల తరబడి తిప్పారు, ఇచ్చినవాటిలో మందుల బిల్లులు లేవు. గడువు దాటిందని క్లెయిము మూసేశారు.

ఆ సంగతి చెప్పడానికి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తప్పు నాదని, ఆ డబ్బు నేనిస్తానని అన్నాను. ఆమె కాఫీ ఇచ్చి, "పోనీ లెండి అన్నయ్యగారూ, మనిషే పోయాక కాగితాలదేముంది" అన్నారు. డబ్బు తీసుకోలేదు. వాళ్ళ అబ్బాయి మాత్రం, "ఆ 28,000 అప్పుడే పెట్టి ఉంటే సరిపోయేది కదండీ" అన్నాడు. మినిట్స్ సంగతి అతనికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ నెలాఖరులోనే కోశాధికారి పదవికి రాజీనామా ఇచ్చాను.

ఇక ఫోన్లు చేసే మిత్రులకు నా జవాబు. విండోస్ 10 ఉన్నవారు పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, మరమ్మతులు అందుతాయని కంపెనీ 2025లో ప్రకటించింది. మీ మిషను కొత్త విండోస్ 11కు తూగుతుందో లేదో మనవళ్ళ చేత చూపించుకోండి. తూగకపోతే దాని మీద పెన్షను ఖాతా తెరవడం మానండి. పాత సెల్‌ఫోన్లకూ ఇదే వర్తిస్తుంది, ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మనం దాన్నే మరచిపోతాం. నకలు తీశాక పెన్‌డ్రైవు పీకి బీరువాలో పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు, నేను చెయ్యని పని ఇదే.

ఆ 2006 నాటి పెట్టెను అమ్మబోతే ఎవరూ కొనలేదు. అందులోని ఫైళ్ళన్నీ తుడిపించి ఎక్స్.పి.నే మళ్ళీ ఎక్కించాం. నెట్టు తీగ లేదు, ఆ సాకెట్టుకు నేనే లక్క సీలు వేశాను. ఆఫీసు రీడింగ్ రూములో కిటికీ పక్కన ఉంది. సాయంత్రం నాలుగింటికి మన పాత హెడ్ క్యాషియరు గారు వచ్చి దాని మీద పేకముక్కల ఆట ఆడుకుంటారు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది.